ఎనిమిది గీతలు

ఊరంతా తాగే నీళ్ళను అందరికంటే ముందు చూసేది ఆమే. నీళ్ళ శాఖ ల్యాబులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. పది లీటర్ల నీళ్ళు వడకట్టడం, వడపోతలో మిగిలిన మడ్డిని గిర్రున తిప్పే యంత్రంలో వేయడం, అడుగున తేరిన చుక్కను గాజు పలక మీద పూసి ఎర్రరంగు పట్టించడం, మైక్రోస్కోపు కింద పెట్టి అందులో ఏ జీవి ఉందో ఏది లేదో తేల్చి రిజిస్టర్లో రాయడం. ఆఫీసులో ఆమెకు నలకలక్కయ్య అని పేరు పెట్టారు. ఎదుటపడితే మాత్రం ఉత్త అక్కయ్య. ముందున్న నలకల సంగతి ఆమెకు తెలియదని వాళ్ళ ధీమా. కంటికి కనపడనివి చూసే మనిషికి వీపు వెనక నవ్వులు వినపడకుండా ఉంటాయా?

ఆ ల్యాబులో అందరికీ హడలు పుట్టించేది ఒకటుంది. దాని పేరు క్రిప్టోస్పోరిడియం. నోరు తిరగదు కాబట్టి క్రిప్టో అంటారు. పశువుల పేగుల్లోనూ మనుషుల పేగుల్లోనూ బతికే ఏకకణజీవి. పేడతో పాటు బయటపడి, గట్టి పెంకు కప్పుకుని, నీళ్ళలో నెలల తరబడి ఓపిగ్గా కాచుకుని కూర్చుంటుంది. క్లోరిన్ దాని వెంట్రుక కూడా కదపలేదు. మరగబెడితేనే చస్తుంది. అందులో పెద్ద రకం ఒకటి, చిన్న రకం ఒకటి. పెద్దది ఎదిగిన పశువుల కడుపులో కాపురముంటుంది, మనుషుల జోలికి దాదాపుగా రాదు. పొడవు ఏడు మైక్రాన్ల పైన, ఆకారం కోడిగుడ్డులా కోల. చిన్నది అయిదు మైక్రాన్లు, దాదాపు గుండ్రన. లేగదూడలకు పారుడు తెప్పించేదీ, అక్కడి నుంచి మనుషుల్ని పట్టుకునేదీ అదే. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పెద్దది కనపడితే రిజిస్టర్లో రాసి ఊరుకోవచ్చు. చిన్నది కనపడిందో, ఆ క్షణమే ఇంజినీరుకు ఫోను చేయాలి, కాలవ తూము మూయించాలి, నీళ్ళు మరగబెట్టుకోమని ఊరంతా చాటించాలి, కాలవ పైన పశువులుంటే తోలించేయాలి. ఇంత రాద్ధాంతమూ రెండు మూడు మైక్రాన్ల తేడా మీద నడుస్తుంది.

కాలవ పైన పశువులున్నది ఆమె తమ్ముడికే.

ఇరవై రెండు ఆవులు, వాటి దూడలు. తూముకు ఎగువన రెండు మైళ్ళ దూరంలో రేకుల షెడ్డు. తమ్ముడికి అవి తప్ప వేరే లోకం లేదు, పెళ్ళి కూడా చేసుకోలేదు. ఎవరన్నా అడిగితే, "ఇన్ని ఆడప్రాణాలతో వేగుతున్నా, ఇంకొకటా?" అని నవ్వేవాడు. అయిదేళ్ళ కిందట ఆమె భర్తకు కిడ్నీలు రెండూ పోయాయి. సొంత అన్నదమ్ములు ముఖం చాటేశారు. తమ్ముడు మాత్రం షెడ్డు కడిగి, చేతులు తుడుచుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. "రెండున్నాయి కదక్కా. బావకొకటిస్తే నేనేమన్నా సగం మనిషినైపోతానా?" అన్నాడు. అంతే, దాని మీద ఇంకో మాట లేదు. ఆ తరవాత తమ్ముడు ఎప్పుడు కనపడినా ఆమె చూపు ముందు వాడి ముఖం మీదికి కాదు, నడుం మీదికి పోయేది.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదే దుకాణం. ఆయన ఒక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే, ఈమె ఆఫీసులో మైక్రోస్కోపు మీద వంగి కూర్చునేది. "మనింట్లో ఇన్ని అద్దాలున్నాయి గానీ, ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం ఇద్దరికీ కనపడదు" అనేవాడాయన. పరాయి కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆయన పూటపూటా మాత్రలు మింగాలి. ఆ మాత్రలు ఒంట్లో రోగాలతో పోరాడే బలాన్ని కూడా పడుకోబెడతాయి. అందుకే మొదటి మూడేళ్ళూ ఇంట్లో నీళ్ళు మరగబెట్టారు. తరవాత డాక్టరే, "ఊరి నీళ్ళు మీ ఆవిడేగా చూసేది, ఇంకెందుకు భయం?" అన్నాడు. ఆ మాటకు ఆమె ఎంత మురిసిపోయిందో! ఆ రోజే మరగబెట్టే గిన్నె అటకెక్కింది.

ఇక కథంతా ఒక మంగళవారం నుంచి మొదలవుతుంది. అంతకు పది రోజుల ముందు ఆమె పాత మైక్రోస్కోపు మరమ్మతుకు వెళ్ళింది. బదులుగా మూతపడిన ఏదో కాలేజీ నుంచి ఇంకొకటి తెచ్చి పెట్టారు. ఆమె తన పాతదాంట్లోంచి కన్ను ఆనించే గొట్టం, అదే ఐపీసును, ముందే ఊడదీసి దాచుకుంది. దాని అద్దం మీద సన్నటి గీతల స్కేలు ఉంటుంది. ఆమెకు అది సొంత వేలి లాంటిది. ఒక గీత ఒక మైక్రాను, ముప్ఫై ఏళ్ళుగా అదే లెక్క. ఆ ఐపీసును కొత్తదానికి తగిలించింది.

మైక్రోస్కోపు మారితే స్కేలును మళ్ళీ సరిచూడాలి. అది ఆ పనిలో చేరిన వాళ్ళకు మొదటి రోజు నేర్పే పాఠం. ఆమే పదిమందికి నేర్పింది. సరిచూడటానికి మిల్లీమీటరును వంద భాగాలుగా గీసిన ఒక గాజు పలక ఉంటుంది. అది పాతదాని పెట్టెలో ఉండిపోయి మరమ్మతుకు వెళ్ళిపోయింది. వచ్చాక చూద్దాంలే అనుకుంది. కొత్తదాంట్లో గొట్టానికీ కటకాలకూ మధ్య అంగుళం ఎత్తున ఉంగరంలాంటి భాగమొకటి అదనంగా ఉంది. అందులో మరో కటకం ఉండవచ్చని ఆమెకు తట్టలేదు. అన్నీ కాస్త పెద్దగా, నిండుగా కనపడ్డాయి. కొత్త అద్దం కదా, తేటగా ఉందనుకుంది.

మంగళవారానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆమె తమ్ముడి షెడ్డుకు వెళ్ళింది. తమ్ముడు పైపు పట్టుకుని నేల కడుగుతున్నాడు. నీళ్ళు పచ్చగా, నురగగా సందులోంచి కాలవలోకి జారుతున్నాయి.

"రెండు దూడలకు పారుడు పట్టుకుందక్కా. నాలుగు రోజులైంది. పాలు కూడా సరిగా తాగట్లేదు" అన్నాడు.

"ఎన్ని రోజుల దూడలురా?"

"ఒకటి పన్నెండు రోజులది, ఇంకోటి పది. పశువుల డాక్టరు రేపొస్తానన్నాడు."

ఆమె కాలవ వైపు ఒకసారి చూసింది. ఈ కడుగునీళ్ళు అటు పోనివ్వకు, గుంట తవ్వరా అని నోటిదాకా వచ్చింది. తమ్ముడు వంగి దూడ మూతిని చేత్తో తుడుస్తున్నాడు. చొక్కా పైకి లేచి నడుం పక్కన జానెడు పొడవున కుట్ల మచ్చ కనపడింది. ఆమె ఏమీ అనలేదు.

మంగళవారం మధ్యాహ్నం గాజు పలక మీద ఎర్రటి చుక్కలు కనపడ్డాయి. ఒకటి కాదు, రెండు కాదు, చూసిన మేర పద్నాలుగు. దూడల మూతులు కళ్ళ ముందు ఆడాయి. చేతులు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో చుక్కనూ గీతల మీదికి జరిపి కొలిచింది. ఎనిమిది. ఏడున్నర. ఎనిమిది. అన్నీ ఏడుకు పైనే. అంటే పెద్ద రకం. కుర్చీలో వెనక్కి వాలి, బిగబట్టిన ఊపిరి వదిలింది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

కానీ ఆ చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. పెద్ద రకమైతే కోలగా ఉండాలి. ఆమె అది చూడలేదని అనడానికి లేదు. చూసింది. ఒకసారి కాదు, పద్నాలుగు సార్లు చూసింది. పూత మందమైనప్పుడు ఆకారం అటూ ఇటూ అవుతుందిలే అని తనకు తానే చెప్పుకుంది. తన కింద పనిచేసేవాళ్ళెవరన్నా ఆ మాట అని ఉంటే చెడామడా తిట్టి మళ్ళీ పూయించేది. రిజిస్టర్లో, "పెద్ద రకం. పశువులది. మనుషులకు హాని లేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆకారం అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భర్త భూతద్దం తీసి ఆమె ముఖం వైపు చూశాడు. పాతికేళ్ళ కాపురం. ముఖంలో ముల్లు ఎక్కడ ఆగిందో ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది.

"ఏంటి, ఎలాగో ఉన్నావు? నీళ్ళలో ఏమన్నా తేడా వచ్చిందా?"

"ఏం లేదండీ. పశువులదేదో కనపడింది. మనకేం కాదు."

"పోనీ నాలుగు రోజులు మరగబెట్టుకుందామా? గిన్నె దించమంటావా?"

గిన్నె దించితే తను రాసినదాన్ని తనే నమ్మనట్టు. నమ్మకపోతే ఇంజినీరుకు ఫోను చేయాలి. ఫోను చేస్తే తమ్ముడు వీధిన పడతాడు. ఇదంతా ఆమె ఒక్కొక్కటిగా ఆలోచించలేదు. అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"అక్కర్లేదు" అంది. కుళాయి తిప్పి ఆయనకు గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గటగటా తాగేశాడు.

తొమ్మిదో రోజుకు ఊరి ఆసుపత్రి వరండాలో కూడా మంచాలు వేశారు. వాంతులు, నీళ్ళ విరేచనాలు, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి. ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. ఇంజినీరు ఫోను మీద ఫోను, "అక్కయ్యా, నీళ్ళు బాగానే ఉన్నాయి కదా?" అని. ఆమె ప్రతిసారీ రిజిస్టరు తీసి తను రాసిందే తనకు చదివి వినిపించుకుని, ఉన్నాయి అని చెప్పింది. ఆ రోజే భర్తకు మొదలైంది. మొదటి రోజే పద్దెనిమిదిసార్లు వెళ్ళాడు. పదకొండో రోజు పొద్దున్న ఆసుపత్రిలో చేర్చేటప్పటికి ఆయన చేతి గడియారం మణికట్టు మీద నిలవక మోచేతి దాకా జారిపోతోంది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి ల్యాబు అమ్మాయి ఒక గాజు పలక పట్టుకుని ఈమె దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు ఈమె దగ్గర పని నేర్చుకున్న పిల్లే, ఇప్పుడు అక్కడ పెద్ద.

"అక్కయ్యా, మీరొకసారి చూడాలి. బావగారి విరేచనాల పూత ఇది. నాకైతే చిన్న రకం అనిపిస్తోంది. ఒక్కోటీ అయిదు వస్తోంది."

"అయిదా?" అంది ఈమె. పలక పెట్టి, గీతల మీదికి జరిపింది. "ఎనిమిది వస్తోంది కదే."

"అదేంటక్కయ్యా? పొద్దున్నేగా కొలిచాను. స్కేలు కూడా నిన్ననే సరిచూశాను."

ఒకే పలక, ఒకే చుక్క. అక్కడ అయిదు, ఇక్కడ ఎనిమిది. రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతోంది. ఆ అమ్మాయి ఎంత మర్యాదస్థురాలంటే, ఏది అని అడగలేదు. నేల వైపు చూస్తూ నిలబడింది.

ఈమె సొరుగులోంచి సూది తీసింది. స్పిరిట్ దూదితో వేలు తుడుచుకుని పొడుచుకుంది. రక్తం బొట్టును గాజు పలక మీద పలుచగా లాగి, ఆరనిచ్చి, రంగు వేసి, కడిగింది. మనిషి ఎర్రరక్తకణం ఏడు మైక్రాన్ల పైచిలుకు. ఇంచుమించు ప్రతి మనిషిలోనూ అంతే, ముప్ఫై ఏళ్ళ కిందటా అంతే. స్కేలు దొరకని చోట ఒంట్లో ఉండే స్కేలు అదే. ఇది కూడా ఆమే అందరికీ నేర్పింది. ఆరడానికి పది నిమిషాలు పట్టింది.

కన్ను ఆనించింది. తన రక్తకణం పదకొండున్నర గీతలు ఉంది.

ఇంకొకటి కొలిచింది. పదకొండున్నర. మరొకటి. పదకొండు పైన. ఇంత లావు రక్తంతో ఏ మనిషీ పుట్టలేదు. ఆమె ఆ ఉంగరంలాంటి భాగాన్ని వేళ్ళతో తడిమింది. పక్కన చిన్నగా 1.6 అని చెక్కి ఉంది, అంటే అన్నిటినీ అన్ని రెట్లు పెంచి చూపించే కటకం. ఇన్ని రోజులూ తన చెయ్యి రోజుకు నలభైసార్లు దాని మీద నుంచే పోయింది. ఎనిమిదిని ఒకటి పాయింట్ ఆరుతో భాగిస్తే అయిదు. చిన్నపిల్లలు చేసే లెక్క.

"అక్కయ్యా, కూర్చోండి" అంది ఆ అమ్మాయి.

"కూర్చునే ఉన్నాను కదే" అంది ఈమె.

వెంటనే ఇంజినీరుకు ఫోను చేసింది. గంటలో తూము మూశారు. నీళ్ళు మరగబెట్టుకోమని వీధివీధినా మైకు బండి తిరిగింది. పది రోజుల ముందే తిరగాల్సిన బండి. పశువుల డాక్టరు దూడల పేడ పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆమె చూడనంది. ఆసుపత్రి అమ్మాయే చూసింది. చిన్న రకమే, కుప్పలు తెప్పలుగా.

భర్తను చూస్తున్న డాక్టరు ఆమెను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "దీనికి మందులు అంతంతమాత్రమమ్మా. ఒంటి బలమే మందు. అది లేవాలంటే కిడ్నీ కోసం వేసే మాత్రలు తగ్గించాలి. తగ్గిస్తే ఒళ్ళు కిడ్నీ మీదే విరుచుకు పడొచ్చు. రెంటిలో ఏదో ఒకటే." మాత్రలు తగ్గించారు. నాలుగో రోజుకు కిడ్నీ పనిచేయడం మానేసింది. జబ్బు మాత్రం తగ్గలేదు.

ఒక పగటిపూట భర్తకు కాస్త తెలివి వచ్చింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, స్కేలు తప్పిందని, తను తప్పు కొలిచిందని చెప్పింది.

"ఇంకో దాంతో సరిచూడలేదా?" అన్నాడాయన. బాగుచేసిన ఏ గడియారాన్నీ ఇంకో గడియారంతో సరిచూడకుండా ఇచ్చిన మనిషి కాదు.

"లేదండీ."

"పోన్లే. నేనూ ఒకసారి గంట తప్పు పెట్టి ఇచ్చేశాను. పాపం ఆయనకు బస్సు తప్పిపోయింది" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. ఆమె ఆ చేతిని ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. గుండ్రంగా ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ నవ్వు ముఖం చూశాక నోరు రాలేదు.

తమ్ముడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఊళ్ళో జనం వాడి షెడ్డు మీద రాళ్ళు వేశారు. ఒక ఆవుకు కన్ను పోయింది. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"మిషన్ తప్పు చూపిస్తే నువ్వేం చేస్తావక్కా. నా దూడల వల్లే బావకు ఇలా అయింది. ఆ కడుగునీళ్ళు వదలకుండా ఉండాల్సింది" అన్నాడు.

వాడు తనను ఓదార్చడం ఆమె భరించలేకపోయింది. "మిషన్ ఒక్కటే కాదురా. గుండ్రంగా ఉన్నాయి. చూశాను. అనుమానం వచ్చింది. నీ షెడ్డు తీయించేస్తారని నోరు మూసుకున్నాను. ఆదివారం కూడా గుంట తవ్వమని చెప్పబోయి ఊరుకున్నాను. బావ నీళ్ళు మరగబెడదామా అని అడిగాడు. అక్కర్లేదన్నాను."

తమ్ముడు తల తిప్పి ఆమె వైపు చూశాడు. వాడి కళ్ళలో కోపం వస్తుందని కాచుకుని కూర్చుంది. రాలేదు. అర్థం కానట్టు చూస్తున్నాడు, అంతే.

"ముందే చెప్పుంటే నేనే తోలేసేవాణ్ణి కదక్కా" అన్నాడు. "కిడ్నీ ఇచ్చినవాణ్ణి. ఆవుల్ని ఇవ్వలేనా?"

లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే పశువుల్ని తోలించడానికి అధికారులు వెళ్ళేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. ఇరవై రెండింటినీ దూడలతో సహా తనే అధికారులు చూపించిన కొట్టానికి తోలిపెట్టి, గేటుకు గొళ్ళెం వేసి వచ్చాడట. మళ్ళీ అక్క ఇంటి గడప తొక్కలేదు. బావ పోయిన రోజు మాత్రం వచ్చి పాడె మోశాడు. ఆమెతో మాట్లాడలేదు.

భర్త ఆసుపత్రిలో పద్దెనిమిదో రోజు పొద్దున్న తొమ్మిదింటికి పోయాడు. తమ్ముడి కిడ్నీ కూడా ఆయనతోనే పోయింది.

రెండు వారాల తరవాత ఆమె ఆఫీసుకు వెళ్ళింది. ఇంజినీరు కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, రిజిస్టరు ముందు పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ పైనుంచి ఉత్తరాలు వస్తున్నాయి.

"ఆ రోజు రాసింది కొట్టేసి, సరైనది రాసి, కారణం గడిలో ఒక్క ముక్క రాయండి అక్కయ్యా. మైక్రోస్కోపు మారింది, స్కేలు సరిచూడలేదు, అంతే. మిషన్ ఇచ్చినవాళ్ళు కూడా ఉంగరం సంగతి చెప్పలేదు కాబట్టి తప్పు సగం వాళ్ళ మీదికి పోతుంది. ఇంకో రెండేళ్ళ సర్వీసుంది మీకు. ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపరు. నిజమే కదా రాస్తున్నది, అబద్ధమేం కాదుగా."

అబద్ధం కాదు. ఆమె కలం తీసుకుంది. మంగళవారం నాటి రాతను ఒక్క అడ్డగీతతో కొట్టేసింది, కింద అక్షరాలు కనపడేలా, అందరికీ నేర్పిన పద్ధతిలోనే. పైన, "చిన్న రకం. మనుషులకు హాని" అని రాసింది. కారణం గడిలో, "స్కేలు సరిచూడలేదు" అని రాసింది. ఇంజినీరు ఊపిరి పీల్చుకుని రిజిస్టరు తీసుకోబోయాడు.

ఆమె ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న ఆకారం గడి మీద వేలు పెట్టి కాసేపు ఆగింది. ఆ గడి చాలా చిన్నది, ఒక మాటకు సరిపోయేంతే. అక్షరాలు ఇరికించి, అంచు దాటనిచ్చి రాసింది.

"గుండ్రన. ఆ రోజే చూశాను."

కింద సంతకం పెట్టి, తేదీ వేసి, రిజిస్టరును ఇంజినీరు వైపు తిప్పింది.